సున్నాకి కిందకి దిగిన ఆలస్యం

నేను వానొస్తోందంటే మా వీధిలో జనం చెయ్యి బయటికి చాపి చూసుకుని గానీ తీగ మీద బట్టలు తియ్యరు. నా మాటకున్న విలువ అది. అందుకే ఆ ఆదివారం భోజనాలయ్యాక, మోకా ఊరి చివర ఫేయో కొట్టు ముందు ఖాళీ బీరు పెట్టె బోర్లించుకుని కూర్చుని, "కంప్యూటర్లో పాట రికార్డు చేసే విద్య ఉందే, దాని అంతు నేను చూసేశాను" అని మొదలుపెట్టగానే అందరూ ప్లాస్టిక్ కుర్చీలు దగ్గరికి జరుపుకున్నారు. నమ్మడానికి కాదు, వినడానికి.

కుర్చీ జరపనివాడు ఒక్కడే, మేమంతా గౌరవంగా దోన్ అని పిలిచే ఎర్సీలియో. నాకు వీపు పెట్టి డామినో ఆడుతున్నాడు.

నేను చెప్పబోయేదంతా ఆ వీపుకే. పదకొండు రోజుల కిందట మా ఇంటి వెనక గదిలో ఆయన హెడ్‌ఫోన్లు పెట్టుకుని గ్వీరా వాయిస్తుంటే, నేను మధ్యలో ఆపి ఒక మాటన్నాను: "దోన్, మీ చెయ్యి వెనకబడుతోంది." గ్వీరా అంటే పెద్ద వాద్యమేం కాదు, బుడిపెల రేకుని గొట్టంలా చుట్టి ఇనుప పళ్ళ దువ్వెనతో గీకడమే. కానీ మా మెరెంగే ఆటపాటల్లో అకార్డియన్ తప్పినా జనం ఆడేస్తారు, తంబోరా డోలు తప్పినా ఆడేస్తారు, గ్వీరా తప్పితే మాత్రం ఒకళ్ళ కాళ్ళు ఒకళ్ళు తొక్కుకుంటారు. నలభై ఆరేళ్ళుగా ఈ ఊరి కాళ్ళన్నిటినీ కాపాడుకొచ్చిన మనిషితో ఇరవై మూడేళ్ళ ఆడపిల్లని, నేను అన్న మాట అది. ఆ వారమే గ్వీరాని సంచీలో పెట్టేసి, భుజం నొప్పని ఊరందరికీ చెప్పాడు. వచ్చే శనివారం ఊరి మేరీమాత పండుగ. ఆయన వాయించే బృందం ఆయన లేకుండానే వెళ్ళాలి. కారణం ఆయనకి తెలుసు, నాకు తెలుసు, మూడో మనిషికి తెలీదు.

తప్పయిందని చెప్పడం నాకు చేతకాదు. చేతనయింది కోతలు కొయ్యడం ఒక్కటే. ఆ దారినే వెళ్దామనుకున్నాను.

"ముందు చిన్నది చెప్తాను," అన్నాను.

"నువ్వు చిన్నదన్నావంటే మేం కుర్చీ గట్టిగా పట్టుకోవాలి, యొకాస్తా," అన్నాడు ఫేయో లోపల గ్లాసులు కడుగుతూ.

"వినవయ్యా. కంప్యూటర్ పాటని నోరు పెట్టి తాగదు. బిందెలతో మోస్తుంది. మైకు దగ్గర బిందె పెడుతుంది, నిండేదాకా నిలబడుతుంది, మోసుకెళ్ళి లోపల పోసుకుంటుంది, మళ్ళీ ఇంకో బిందెడు తోడుకొచ్చి మన చెవిలో పోస్తుంది. బిందె పెద్దదైతే నిండడానికి ఆలస్యం, మనం ఇప్పుడు కొట్టింది మనకి కాసేపాగి వినబడుతుంది. సరే, బిందె తీసేసి చెంబు పెట్టామనుకో, ఆలస్యం తగ్గుతుంది, కానీ పాపం అది మాటిమాటికీ పరిగెత్తాలి, ముసలి కంప్యూటరైతే దోవలో ఒలకబోస్తుంది, పాటంతా నూనెలో ఆవాలేసినట్టు చిటపట. నాది ఎలాంటిదో మీకు తెలుసు. మా పిన్ని ఆఫీసులో పారెయ్యబోతే తెచ్చుకున్నాను, పారేద్దామనుకున్నందుకు ఆ తల్లికి పుణ్యముండాలి. మూతకి టేపు, కింద ఇటుక. అలాంటిదాని చేత చెంబుతో మోయించాను!"

"ఇది నిజమేలా ఉందే," అంది దోన్యా ఒనేదా అనుమానంగా. ఆవిడ దోన్ ఎర్సీలియో భార్య. మా పక్కిల్లే. వీధంతటికీ ఐసు అమ్ముతుంది.

"నిజమే దోన్యా! అది ఖాళీగా కూర్చుని చేసే పెత్తనాలన్నీ మాన్పించాను. ఇంటర్నెట్ కట్టేశాను. వైరసులకి కాపలా కాసేవాణ్ణి వెళ్ళి పడుకోమన్నాను. తెర మీద బొమ్మలు తీసేశాను. ఇంకా కాస్త బరువు దిగితే బాగుండుననిపించి, మూల గడియారం ఉంటుందే, దాన్ని కూడా ఆపేశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇంట్లో కాలం ఆగిపోయింది. పొయ్యి మీద అన్నం గంటసేపుంది, అడుగంటితే ఒట్టు!"

"అడుగంటకపోతే మాడు ఎక్కడిదే మీ ఇంట్లో?" అన్నాడు ఫేయో. కరకరలాడే ఆ మాడు కోసం మా దగ్గర అన్నదమ్ములు విడిపోయిన ఇళ్ళున్నాయి.

"అదే కదా గోల. ఏడుగురం గరిటెలు పట్టుకుని నిలబడ్డాం. మా అమ్మ ఏడుపు చూడలేక గడియారం మళ్ళీ తిప్పాను."

నవ్వారు. డామినో బల్ల మీద టప్పుమని ఒక బిళ్ళ పడింది. ఆ వీపు కదల్లేదు.

"ఆలస్యం సంగతి అయింది. ఇక రొద. ఇక్కడ మాత్రం దోన్యా ఒనేదాకి రెండు చేతులా దణ్ణం పెట్టాలి. ఆవిడ ఫ్రీజరే లేకపోతే నేనింతదాన్నయ్యేదాన్నా?"

"నా ఫ్రీజరేం చేసిందే నిన్ను?"

"గుయ్‌మంది! గోడకి అవతల మీ ఫ్రీజరు, ఇవతల మా ఇన్వర్టరు, రెండూ కలిసి కచేరీ. దానికి తోడు నా చవక మైకు తీగలోంచి ఉస్‌మని ఇంకోటి. ఏ పాట ఎక్కించినా అడుగున కందిరీగల పెళ్ళి. దాన్ని తీసే పద్ధతేంటంటే, ఎవరూ పాడకుండా, వాయించకుండా, ఉత్త రొదని ముందు కంప్యూటర్‌కి వినిపించాలి. 'ఇదిగో, వీడే దొంగ, మొహం గుర్తుపెట్టుకో' అని చూపించాలి. తర్వాత పాటలో ఆ మొహం ఎక్కడ కనబడితే అక్కడ మెడ పట్టుకుని గెంటేస్తుంది. చూపించాను. గెంటేసింది. నాకు ఉత్సాహం వచ్చేసింది. అదే ఊపులో మోటారు సైకిళ్ళని చూపించాను. అరటికాయల బండి మైకుని చూపించాను. ఫేయో కోడిపుంజుని చూపించాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"కోడిని కూడా గెంటేసిందా?"

"పాటలోంచి కాదు ఫేయో, వీధిలోంచి! పొద్దున్నే నీ పుంజు గోడెక్కింది, మెడ సాచింది, రెక్కలు కొట్టింది, నోరు ఇంత తెరిచింది, చప్పుడు సున్నా. పెట్టలన్నీ మొహాలు తిప్పుకున్నాయి. సూర్యుడు పాపం పిలుపు కోసం కొండ వెనక నిలబడి నిలబడి, ఇక లాభం లేదని నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చాడు."

"ఆవేళ మబ్బు పట్టింది," అన్నాడు ఫేయో.

"మబ్బని మీకు చెప్పింది నేనేగా! అరటికాయలవాడు మైకులో నోరు కదుపుతూ వెళ్ళిపోతుంటే ఈ దోన్యా పెదాలు చదివి కొనుక్కుంది. మోటారు సైకిళ్ళు పిల్లుల్లా నడిచాయి. ఈ సంగతి ఎలా పొక్కిందో, మర్నాడు మా గుమ్మం ముందు మన వీధి మగాళ్ళంతా వరసకట్టారు, ఒక్కొక్కడి ఫోన్లో పెళ్ళాం తిట్లు. 'ఈ మొహాన్ని కూడా కాస్త చూపించమ్మా' అని."

"ఎవరెవరు?" అంది దోన్యా ఒనేదా.

"పేర్లు చెప్పకూడదు దోన్యా, వృత్తి ధర్మం. ఫేయో, చిన్న కాఫీ ఒకటి ఇవ్వవయ్యా, ఊరికే."

ఫేయో మారు మాట్లాడకుండా కాఫీ పోసిచ్చాడు. వెనకనుంచి వాళ్ళావిడ గొంతు "ఏమిటట?" అంది. జనం పడి పడి నవ్వారు. ఆ నవ్వుల్లో దోన్ ఎర్సీలియో భుజం ఒక్కసారి అదిరిందనిపించింది. దగ్గేమో. ఆ అదురు చూసి నాకు ధైర్యం వచ్చింది. ధైర్యం వస్తే నేను ఆగను.

"తీసిన రొదంతా ఎక్కడికి పోతుందని మీలో ఒక్కడైనా అడిగాడా? బియ్యం బస్తాలో నింపాను. మూతి బిగించి కట్టాను. బస్తా గుయ్‌గుయ్‌మంటూ గదంతా దొర్లేది, దాన్ని చూసి కుక్క మొరిగింది, ఆ మొరుగు కూడా బస్తాలో పడింది. రాత్రికి పగిలేలా ఉంటే భుజానేసుకుని కొండెక్కి లోయలో పారబోసి వచ్చాను. ఈ రోజుకీ ఆ మలుపులో లారీవాళ్ళు హారన్ వినబడిందని పక్కకి తప్పుకుంటారు, వెనక చూస్తే ఎవరుంటారు? ఫేయో కోడి కూత."

"కథ ఎటో పోతోంది," అన్నారెవరో.

"ఎటూ పోలేదు, ఇప్పుడే ఇంటికొస్తోంది. రొద పోయింది కదా, కంప్యూటర్ తేలికపడింది, మళ్ళీ ఆలస్యం మీద పడ్డాను. చెంబు తీసి గ్లాసు పెట్టాను. గ్లాసు తీసి ఇదిగో ఈ కాఫీ కప్పు. కప్పు తీసి చెంచా. చెంచా తీసి చీమ నోట్లో పట్టేంత చుక్క. ఆలస్యం సున్నా! కొట్టడం, వినడం ఒక్కటే. ఇంకెవరైనా అయితే అక్కడ ఆగి కొబ్బరికాయ కొట్టేవారు. నేను ఇంకొక్క మెట్టు దిగాను. సున్నాకి కింద."

"సున్నాకి కిందేముంటుందే?"

"ముందు ఉంటుంది! చప్పుడు ముందు, కొట్టడం తర్వాత. హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నానా, తుమ్మినవాళ్ళతో అన్నట్టు మా అమ్మ గొంతు 'ఆరోగ్యం, ఆరోగ్యం' అంది. ఇదేంటా అనుకునేలోపు నాకు తుమ్మొచ్చింది. ఇంకాసేపటికి వీధి వీధంతా 'కరెంటొచ్చిందీ!' అని కేకలు, ఈలలు. చూస్తే అసలు కరెంటు పోనేలేదు. ఫేను తిరుగుతోంది. సరే అని లేచి కొవ్వొత్తి వెలిగించుకుని కూర్చున్నాను, అప్పుడు పోయింది."

"లాటరీ నంబరు విన్నావా లేదా, ముందది చెప్పు," అన్నాడు ఫేయో కౌంటర్ మీదకి వంగి.

"వినకేం? నంబర్లు చదివేవాడి గొంతు మొదలైంది కూడా. కానీ రొద తీసేశాను కదా, ఆ గొంతు విని కంప్యూటర్ రొదనుకుని గెంటేసింది."

"పనికొచ్చేది ఒక్కటీ మిగల్చలేదు," అని నిట్టూర్చాడు.

"ఒకటి మిగిలింది." నేను గొంతు తగ్గించాను. కుర్చీలు ఇంకాస్త దగ్గరికి జరిగాయి. "నిన్న మధ్యాహ్నం హెడ్‌ఫోన్లలో పాటొచ్చింది. నేను ఎక్కించని పాట. చూస్తే దాని మీద తేదీ వచ్చే గురువారం, సమయం సాయంత్రం నాలుగు. గురువారం మా వెనక గదిలో జరగబోయే రికార్డింగు నిన్ననే వచ్చేసింది! కళ్ళు మూసుకుని విన్నాను. అకార్డియన్ ఊపిరి తీసుకునే చోట ఒక చిన్న సందు ఉంటుంది చూశారా, ఆ సందులో గ్వీరా ఒక్క గీత గీసింది. అరటాకు నిలువునా చింపితే వస్తుందే, అలా. ఒక్క గీత. మళ్ళీ ఊరుకుంది. పాటంతా అంతే, చెయ్యి ఎక్కడా ముందు లేదు, వెనక లేదు. ఆ చెయ్యి ఎవరిదో ఈ ఊళ్ళో ఎవరికీ చెప్పక్కర్లేదు. రికార్డింగు అయిపోయింది, అద్భుతంగా వచ్చింది. ఇక మిగిలిందల్లా ఆ మనిషి గురువారం మా ఇంటికొచ్చి దాన్ని వాయించడమే."

అందరి తలలూ డామినో బల్ల వైపు తిరిగాయి.

దోన్ ఎర్సీలియో చేతిలో బిళ్ళ బల్ల మీద పెట్టకుండా అలాగే పట్టుకున్నాడు. వెనక్కి తిరగలేదు.

"గురువారం వాయించింది నిన్ననే వచ్చేసిందన్నమాట," అన్నాడు.

"వచ్చేసింది, దోన్."

"బాగా వచ్చింది."

"ఎంత బాగా అంటే..."

"మరి ఇంక నేను రావడం దేనికి?"

కొట్టు మొత్తం నవ్వులతో పేలింది. ఫేయో కౌంటర్ మీద అరచేత్తో కొట్టాడు, ఎవరిదో కుర్చీ కాలు జారింది. ఎంత పెద్ద ప్రశ్నకైనా నా దగ్గర జేబులో ఒక అబద్ధం సిద్ధంగా ఉంటుంది. చెయ్యి పెట్టి చూసుకున్నాను. ఖాళీ.

దోన్యా ఒనేదా నవ్వడం ఆపి నన్నే చూస్తోంది. "ఇందాకట్నుంచీ చూస్తున్నానే, యొకాస్తా. నా ఫ్రీజరుకి దణ్ణం పెట్టావు, మీ పిన్నికి పుణ్యమన్నావు. మనిషికి చెప్పాల్సింది మాత్రం నీ నోటికి రావట్లేదు. ఏం చేశావు మా ఆయన్ని?"

పెట్టె మీంచి లేచాను. నిలబడితే తప్ప రాదనిపించింది.

"మీ చెయ్యి వెనకబడలేదు, దోన్," అన్నాను వీపుతోనే. "చెంబు పెట్టిందంతా ఆ తర్వాతే. మీరు వాయించినరోజు అక్కడ బిందే ఉంది, ఉన్నవాటిలో అన్నిటికన్నా పెద్దది. చిన్నది పెడితే చిటపటలొస్తున్నాయి, మీ ముందు నాకు పరువు తక్కువనిపించి పెద్దది పెట్టాను. మీరు గీసింది మీ చెవికే ఆలస్యంగా వచ్చింది. దాన్ని అందుకుందామని మీరు ఆగారు, ఆగితే అది ఇంకా ఆగింది. ఎవరైనా అంతే. మర్నాడు నేనే హెడ్‌ఫోన్లు పెట్టుకుని చప్పట్లు కొట్టుకుంటే తెలిసింది, ఒక చప్పట రెండు చప్పట్లుగా వినబడితే. ముసలిదైంది నా కంప్యూటరు. మాట పడింది మీరు."

ఆగితే మళ్ళీ చెప్పలేనని తెలుసు, ఆగలేదు.

"ఇంకోటి కూడా. ఆ శుక్రవారం మీరొచ్చి పాట విన్నారు. మీ గ్వీరా అందులో లేదు. వెనకబడ్డారని నేనే తీసేశాననుకుని ఉంటారు. మీరు 'శుభ్రంగా ఉంది' అని హెడ్‌ఫోన్లు మడిచి నా చేతికిచ్చి వెళ్ళారు. దేవుడి తోడు, నేను తియ్యలేదు. తీగలో ఉస్‌మనే రొద మొహం చూపించాను చూడండి, ఆ ఉస్సు, మీ గ్వీరా దానికి ఒక్కలాగే కనబడ్డాయి. దొంగకి తమ్ముడనుకుని మిమ్మల్ని గెంటేసింది. మీరు వెళ్ళాక గానీ నేను చూసుకోలేదు. చూసుకుని కూడా మీ గుమ్మం తొక్కలేదు. కంప్యూటర్ నాకెవరూ నేర్పలేదని అందరికీ చెప్పుకుని తిరుగుతానే, అది నిజమే. కానీ పన్నెండేళ్ళప్పుడు మీ అరుగు మీద నా చేతికి గ్వీరా ఇచ్చి, ఏది చప్పుడో ఏది పాటో చెప్పింది మీరు. అది తెలియకపోతే నాకు ఈ వైర్లన్నీ దేనికి? ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా మీకు చెప్పలేదు, దోన్, ఎంత రుణపడి ఉన్నానో."

నా మొత్తం కథలో అతి చిన్న ముక్క అది.

దోన్ ఎర్సీలియో చేతిలో బిళ్ళ బోర్లా పెట్టి, కుర్చీ నాలుగు కాళ్ళూ గీరుకుంటూ నా వైపు తిప్పుకున్నాడు.

"అయితే నేను వెనకబడలేదు."

"లేదు."

"పిసరంతైనా?"

"పిసరంతైనా లేదు, దోన్."

ఆయన భార్య వైపు చూశాడు, ఫేయో వైపు చూశాడు, చివరికి తన కుడిచేతి వైపు చూసుకున్నాడు. "ఒసే పిల్లా, కొంప ముంచావు కదే. నేను గ్వీరా మానేశానని నీకెవరు చెప్పారు? భుజం నొప్పని చెప్పి, పొద్దునా సాయంత్రం స్నానాల గదిలో గడియ పెట్టుకుని, కొబ్బరి కోరే రేకు మీద ఫోర్కుతో సాధన చేస్తున్నాను. ఒక్క రోజు మానలేదు. వెనకబడ్డానన్నావుగా, అందుకని ముందుకి, ఇంకా ముందుకి. పదకొండు రోజులు! నీ కంప్యూటర్ సున్నాకి కింద దిగిందో లేదో నాకు తెలీదు గానీ, నేను దిగిపోయాను. రేడియోలో పాట వేసి చూసుకుంటే తాళం కన్నా నేనే ముందొచ్చేస్తున్నాను. ఇప్పుడు నన్ను మళ్ళీ మధ్యకి తెచ్చేదెవరు? దీనికేమైనా మీట ఉందా నీ దగ్గర?"

"మీరా!" అంది దోన్యా ఒనేదా. "ఆ గీకుడు విని నేను కొళాయి పాడైందనుకుని ఫేయో చేత మనిషిని కూడా పిలిపించానే!"

ఎవరు ముందు నవ్వారో తెలీదు. ఫేయో కొట్టులో పాట ఆపేసి, "చూద్దాం, చూద్దాం" అంటూ ఖాళీ సీసా ఒకటి తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు, మెడ కింద గాట్లున్నది. నేను చప్పట్లతో తాళం వేశాను. దోన్ ఎర్సీలియో తాళం చెవితో సీసా మీద గీశాడు. నిజమే. నా చప్పట పడేలోపే ఆయన గీత పడుతోంది, వెంట్రుకవాసి ముందు, ప్రతిసారీ, తప్పకుండా. ఆ వెంట్రుకవాసిని కూడా ఎంత సరిగ్గా పట్టుకున్నాడంటే, నాకు నవ్వుతో పాటు ఇంకేదో వచ్చి కళ్ళు మండాయి. జనం చప్పట్లు కలిపారు. ఒకడు బల్ల మీద తంబోరా మొదలుపెట్టాడు. ఆయన తల ఊపుతూ కాస్త కాస్తగా మా అందరి మధ్యకి వస్తూనే, మళ్ళీ జారి ముందుకి పోతున్నాడు, "ఇదిగో, చూశావా, మళ్ళీ" అని తిట్టుకుంటూ.

చివరికి సీసా కింద పెట్టి చెమట తుడుచుకున్నాడు.

"గురువారం నాలుగింటికన్నావు కదూ?"

"అవును, దోన్."

"నా పరిస్థితి చూశావుగా. మూడింటికే వచ్చేస్తానేమో. తలుపు తీసి ఉంచు."

తీసి ఉంచుతానన్నాను. దానికి నేనేమీ కలపలేదు.